బీహెచ్‌యూలో హైదరాబాద్ గేటు, నిజాం చందా, మాలవీయ గారి చెప్పుల కథ: తెలిసినవాళ్ళు చెప్పండి

#1 ఓరుగల్లు శ్రీను

అందరికి నమస్తే. మా పిల్లగానికి సీయూఈటీల (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్సుల) మంచి మార్కులొచ్చి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంల (బీహెచ్‌యూల) బీఎస్సీ సీటు దొరికింది. వాన్ని హాస్టల్ల దింపి మొన్ననే తిరిగొచ్చిన. కాశీల లంక అనే జాగ దగ్గర సింహద్వారం దాటి లోపటికి పోతే ఊరికి ఊరే ఉన్నది. దవాఖాన, గుడి, పోస్టాఫీసు, పొలాలు, అన్నీ ఆ గోడ లోపల్నే. వాపస్ వచ్చేటప్పుడు ఆటో ఆయన “హైదరాబాద్ గేట్ సే నికల్ జాయేంగే” అన్నడు. కాశీల హైదరాబాద్ గేటేంది అని అడిగితే, మీ నిజాం పైసలిచ్చిండు కద అన్నడు.

పక్క రూం పిల్లగాని నాయన ఇంకో కథ చెప్పిండు. ఈ యూనివర్సిటీ పెట్టిన మదన్ మోహన్ మాలవీయ చందా అడగవోతే నిజాం చెప్పు ఇసిరిండట, ఆ చెప్పును ఆయన బజార్ల వేలం పెట్టిండట. ఇది నిజమేనా? అసలు ఈ యూనివర్సిటీ ఎట్ల పుట్టింది, అక్కడి ఆచారాలేంది? ఎరికున్నోళ్ళు జర వివరంగ చెప్పుండ్రి. మావోడు ఇంటర్ దాక హన్మకొండ దాటి ఎరుగడు.

#2 గోదావరి గట్టు

శ్రీను గారూ, ముందుగా అబ్బాయికి అభినందనలండి. ఆ కథ మా ఇంట్లో చిన్నప్పట్నించీ వింటున్నాం. మాలవీయ గారు హైదరాబాద్ వెళ్ళి విశ్వవిద్యాలయానికి విరాళం అడిగితే, హిందూ పేరు పెట్టుకుని నా దగ్గరకొస్తావా అని నిజాం కోప్పడి, నా దగ్గర ఇదే ఉందంటూ చెప్పు ఇచ్చాడట. ఆయన కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి, నవాబు గారి పాదరక్ష అని నలుగురిలో వేలానికి పెట్టారు. పరువు పోతుందని నిజామే మనుషుల్ని పంపి కొనిపించుకుని, ఆ తర్వాత పెద్ద మొత్తం ఇచ్చాడు. అవమానాన్ని కూడా విరాళంగా మార్చుకున్న మనిషండి ఆయన. నేనైతే నమ్ముతాను.

#3 పాతపుస్తకం

కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

చెప్పుల కథకు ఒక రూపం లేదు. ఒకచోట చెప్పు విసిరాడంటారు, ఒకచోట చేతికిచ్చాడంటారు. ఇంకోచోట అసలు చెప్పే లేదు, మాలవీయ ఒక శవయాత్ర వెంట నడిచి దారిలో చల్లిన చిల్లర ఏరుకుంటే నిజాం సిగ్గుపడ్డాడంటారు. ఏ రూపంలోనూ తేదీ లేదు, చూసినవాడి పేరు లేదు. నిజాం బీహెచ్‌యూకి చందా ఇచ్చాడన్నది మాత్రం నిజం. ఆ డబ్బుతో కట్టినవే హైదరాబాద్ కాలనీ క్వార్టర్లనీ, ఆ పక్కన కరౌందీ వైపు ఉన్న గేటుకు అందుకే ఆ పేరు వచ్చిందనీ క్యాంపస్‌లో చెప్పుకొంటారు. ఏడో నిజాం ఆ తరంలో అలీగఢ్‌కీ ఇచ్చాడు, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కీ ఇచ్చాడు. చదువుకు ఇచ్చిన డబ్బును చెప్పు దెబ్బగా చెప్పుకోవడం ఇచ్చినవాడికీ అన్యాయమే, అడిగినవాడికీ అన్యాయమే.

ఇక పుట్టుక సంగతి. 1905లో కాశీలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు మాలవీయ ఈ ఆలోచనను పెద్దల ముందు పెట్టారు. మరుసటి ఏడు ప్రయాగ కుంభమేళాలో సనాతన ధర్మ సభలోనూ పెట్టారు. అదే కాలంలో అనీబిసెంట్ కూడా కాశీలో ఒక విశ్వవిద్యాలయం కావాలని ప్రయత్నిస్తున్నారు. ఆమె 1898లోనే అక్కడ సెంట్రల్ హిందూ కాలేజీ పెట్టి నడుపుతున్నారు. కొత్తగా వచ్చేదానికి చేతిలో ఉన్న ఆధారం ఆ కాలేజీయే. 1911లో ఇద్దరూ కలిశారు, ఆ డిసెంబరులో హిందూ యూనివర్సిటీ సొసైటీ రిజిస్టరైంది. దర్భంగా మహారాజు రామేశ్వర్ సింగ్ తోడయ్యారు, 5 లక్షలు ఇచ్చి ఊరూరా చందాల యాత్రకు తనే ముందు నడిచారు. మాలవీయ అలహాబాద్ హైకోర్టులో బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి కోటి రూపాయలు పోగు చేస్తానని బయల్దేరారు. ఆ రోజుల్లో కోటి అంటే ఎంతో ఆలోచించండి.

1915లో చట్టం వచ్చింది. 1916 ఫిబ్రవరి 4న వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ శంకుస్థాపన చేశాడు. భూమి, దాదాపు 1300 ఎకరాలు, కాశీ నరేశ్ ప్రభునారాయణ్ సింగ్‌ది. మొదటి ఛాన్సలర్ మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్. మొదటి వైస్ ఛాన్సలర్ సర్ సుందర్‌లాల్, రెండో ఆయన మద్రాసు నుంచి వెళ్ళిన శివస్వామి అయ్యర్. మాలవీయ ఆ కుర్చీలో కూర్చున్నది 1919లో. 1938 దాకా ఉన్నారు.

#4 గోదావరి గట్టు

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటానండి. అయినా మనవాళ్ళలో చాలామందికి మాలవీయ పేరు తెలిసిందే ఆ కథ వల్ల కదా? కథ పోతే పేరూ పోతుందేమోనని నా బాధ.

#5 పాతపుస్తకం

అయ్యా, ఆయన పేరు నిలబెట్టే సంగతి కావాలంటే చౌరీచౌరా ఉంది. 1922లో పోలీస్ స్టేషన్ తగలబడ్డాక సెషన్స్ కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. వకాలతు మానేసిన మాలవీయ వాళ్ళ కోసం మళ్ళీ నల్లకోటు వేసుకుని హైకోర్టుకి వెళ్ళి వాదించారు. చివరికి ఉరికంబం ఎక్కినవాళ్ళు 19 మంది. మిగతావాళ్ళ ప్రాణాలు దక్కాయి. ఇది కోర్టు రికార్డు. మనవలకు ఈ సంగతి చెప్పండి, చెప్పుల కథ అక్కర్లేదు.

#6 లిమ్డీ హాస్టలర్

నేను ఐటీ-బీహెచ్‌యూలో చదివాను, అంటే ఇప్పటి ఐఐటీ. క్యాంపస్ సంగతులు నన్ను చెప్పనివ్వండి.

శ్రీను అన్నా, క్యాంపస్ మ్యాప్ ఒకసారి చూడు. అర్ధచంద్రాకారంలో ఉంటుంది. రోడ్లు ఒకదాని వెనక ఒకటి వంపు తిరిగి పోతాయి. ఒక వంపులో ఫ్యాకల్టీలు, దాని వెనక హాస్టళ్ళు, గ్రౌండ్లు. మొదటి వారం ఎవడికైనా దారి తప్పుతుంది, ఏ రోడ్డు చూసినా ఒకేలా ఉంటుంది మరి. హాస్టల్ పేర్లు చదివితే చందా పుస్తకం చదివినట్టే ఉంటుంది. లిమ్డీ, మోర్వీ, రాజపుతానా, ధన్‌రాజ్‌గిరి, బిర్లా, రుయియా. సంస్థానాలు, సేఠ్‌లు ఇచ్చిన డబ్బు అలా గోడల మీద పేర్లయి మిగిలింది. కాబట్టి హైదరాబాద్ ఒక గేటుకు పేరై ఉండటం అక్కడ వింతేమీ కాదు.

ఇంజనీరింగ్ కాలేజీ 1919లో మొదలైంది, ముందు పేరు బనారస్ ఇంజనీరింగ్ కాలేజీ, పాతవాళ్ళు బెంకో అంటారు. మైనింగ్, మెటలర్జీ కోర్సులు 1923 నాటివి. ఫార్మసీ 1932లో పెట్టారు. ఈ దేశంలో ఫార్మసీని యూనివర్సిటీ చదువుగా మొదలుపెట్టింది అక్కడే, మహాదేవలాల్ ష్రాఫ్ చేతుల మీదుగా. 1968లో మూడూ కలిసి ఐటీ అయ్యాయి, 2012లో ఐఐటీ. పేరు మారినా క్యాంపస్ ఒకటే, గేట్లు ఒకటే.

ఆచారాల్లో మొదటిది కులగీతం, అంటే విశ్వవిద్యాలయ గీతం. స్నాతకోత్సవమైనా, సెమినారైనా అది లేకుండా మొదలు కాదు, అందరూ లేచి నిలబడాలి. ఆ పాట రాసింది శాంతిస్వరూప్ భట్నాగర్. అవును, సైన్స్ అవార్డు భట్నాగరే. 1921 నుంచి మూడేళ్ళపాటు అక్కడ కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఉర్దూ కవిత్వం రాసే రసాయన శాస్త్రవేత్త సంస్కృతం నిండిన హిందీలో పాట రాశాడు, వందేళ్ళుగా పిల్లలు పాడుతున్నారు. మీ అబ్బాయికి మొదటి సెమిస్టర్లోనే నోటికొచ్చేస్తుంది.

రెండోది వీటీ. క్యాంపస్ నడిబొడ్డున ఉన్న కొత్త విశ్వనాథ మందిరాన్ని పిల్లలందరూ వీటీ అంటారు. 1931లో పునాది వేశారు, బిర్లాల డబ్బుతో 1960లలో పూర్తయింది. శిఖరం 250 అడుగుల దాకా ఉంటుంది. లోపల పాలరాతి గోడల మీద భగవద్గీత చెక్కి ఉంటుంది. కులం, మతం అడగకుండా ఎవరినైనా రానిస్తారు, మాలవీయ కోరుకున్నది అదే. గుడి ముందు చెట్ల కింద టీ, కోల్డ్ కాఫీ, సమోసా దుకాణాలు. రిజల్ట్స్ వచ్చినా, ఫెయిలైనా, ప్రేమ చెడినా, ఎలక్షన్ చర్చయినా అందరూ చేరేది అక్కడికే. దణ్ణం పెట్టుకునేవాళ్ళు ఎంతమందో, మెట్ల మీద పుస్తకం తెరిచి కూర్చునేవాళ్ళు అంతమంది.

మూడోది పలకరింపు. సీనియర్ ఎదురైనా, టీ కొట్టు ఆయన ఎదురైనా “మహాదేవ్” అంటారు. అన్నిటికీ అదే. ఈ మాటకు మీవాడు తొందరగానే అలవాటు పడతాడు.

#7 మాలతి (ఎంఎంవీ)

ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. మహిళా మహావిద్యాలయం (ఎంఎంవీ) 1929లో మొదలైంది. అప్పటికి ఆడపిల్లను దూరదేశం పంపి హాస్టల్లో ఉంచి డిగ్రీ చదివించడం మన వైపు ఎన్ని ఇళ్ళలో ఉండేదో ఊహించుకోండి. సింహద్వారం దాటగానే కుడిఎడమల్లో పెద్ద చెట్లు, మా కాలేజీ ఆ దగ్గర్లోనే. నేను విజయనగరం నుంచి వెళ్ళాను. అన్నం దొరకదని అమ్మ ఏడ్చింది కానీ, అన్నం దొరుకుతుంది, పప్పు పులుపు లేకుండా ఉంటుంది, అంతే. చలికాలం పొద్దున్నే మట్టి కుల్హడ్‌లో మలయ్యో అమ్ముతారు, మంచులో ఉంచిన పాల నురగ, పైన కుంకుమపువ్వు రంగు. ఎండ ఎక్కితే కరిగిపోతుంది, అందుకే తొమ్మిదిలోపే వెళ్ళాలి. ఆ ఊరు నాకు దగ్గరైంది దానితోనే.

వసంత పంచమి స్థాపన దినోత్సవం. పొద్దున శంకుస్థాపన జరిగిన స్థలంలో హోమం, సరస్వతీ పూజ. ఆ తర్వాత ఒక్కో ఫ్యాకల్టీ, ఒక్కో కాలేజీ తమ ఝాంకీ (అలంకరించిన శకటం) తీసుకుని ఊరేగుతాయి. ట్రాక్టర్ ట్రాలీని రాత్రంతా కూర్చుని అలంకరిస్తారు, వ్యవసాయం వాళ్ళు పైరు పెట్టుకొస్తారు, ఆయుర్వేదం వాళ్ళు మూలికలు. మేం పసుపు చీరలు కట్టుకుని నడిచేవాళ్ళం. డిసెంబరు 25 మాలవీయ జయంతి, ఆ రోజుల్లో మాలవీయ భవన్‌లో పూల ప్రదర్శన పెడతారు, బంతి, చామంతి, గులాబీ కుండీలు వరుసలు వరుసలుగా. ఊళ్ళోవాళ్ళు కుటుంబాలతో వస్తారు. స్నాతకోత్సవానికి నల్ల గౌను లేదు. మెడలో ఉత్తరీయం, మగపిల్లల తలకు సాఫా, అంటే తలపాగా.

మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే నాకు తృప్తి ఉండదు. చాలా ఏళ్ళు రాత్రి గేటు మూయడానికి మా హాస్టళ్ళకు ఒక వేళ, అబ్బాయిల హాస్టళ్ళకు ఒక వేళ. 2017 సెప్టెంబరులో వేధింపులకు విసిగిన అమ్మాయిలు సింహద్వారం దగ్గరే రోడ్డు మీద బైఠాయించారు. రాత్రి లాఠీలు విరిగాయి. దేశమంతా చూసింది. మాలవీయ విగ్రహం ఎదుటే కూర్చుని, మాకు భయం లేని రోడ్డు కావాలని ఆ పిల్లలు అడిగారు. నేను దూరంగా ఉన్నా ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ ధర్నా కూడా ఆ విశ్వవిద్యాలయ చరిత్రే. ఎంఎంవీ గురించి ఎవరు రాసినా 1929ని ఎలా రాస్తారో 2017ని అలాగే రాయాలి.

#8 ఓరుగల్లు శ్రీను

మాలతక్కా, మస్తు మంచిగ చెప్పినవు. నా బిడ్డ వచ్చే ఏడు సీయూఈటీ రాస్తది. ఇప్పుడైతే ఇంకింత తెలుసుకోవాలె అనిపిస్తున్నది.

#9 మదనపల్లె మనిషి

అనీబిసెంటు పేరొచ్చింది కాబట్టి మా ఊరి సంగతి గూడా రాసేదుంది. శంకుస్థాపన అయిన రెండోనాటికి, అంటే 1916 ఫిబ్రవరి 6న, అదే వేడుకల్లో గాంధీ మాట్లాడినాడు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఏడాది. నగలు దిగేసుకుని కూర్చున్న రాజుల ముందర నిలబడి, మీ నగలు తీసి ప్రజల కోసం పెట్టేదాకా ఈ దేశానికి విముక్తి లేదన్నాడు. విశ్వనాథ దేవళం సందుల్లో మురికి గురించి మాట్లాడినాడు. వైస్రాయ్ కోసం అంత మంది గూఢచారులు ఎందుకన్నాడు. విప్లవకారుల ప్రస్తావన వచ్చేసరికి బిసెంటమ్మే ఆపమన్నారు. పిల్లలు మాట్లాడమని కేకలేసినారు. రాజులు లేచిపోయినారు, అధ్యక్షుడైన దర్భంగా మహారాజు గూడా. సభ అట్లనే ముగిసింది. ఆ ప్రసంగం పేపర్లో చదివే వినోబా గాంధీకి జాబు రాసి, ఆయన దగ్గరికి పోయినాడు.

బిసెంటమ్మ మా మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టించినారు. హోమ్‌రూల్ గొడవల్లో సర్కారు కోపానికి గురై, ఆ తర్వాత అది ఆమె అడయారులో నెలకొల్పిన నేషనల్ యూనివర్సిటీకి అనుబంధమైంది. దానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్. 1919 ఫిబ్రవరిలో ఆయన మా ఊరొచ్చినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి రాసిచ్చినారు, మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి కూర్చినారు. ఆ నేషనల్ యూనివర్సిటీ ఎక్కువ కాలం బతకలే. కాశీది బతికింది. ఒకే మనిషి చెయ్యి తగిలిన రెండు ప్రయత్నాలు. నా లెక్కన తేడా అంతా 1915 చట్టంలో ఉంది. సర్కారు గుర్తింపు, దాని వెనక డబ్బు.

#10 కృష్ణాతీరం

మదనపల్లె అన్నగారు అసలు విషయానికి తీసుకొచ్చారు. సర్కారు గుర్తింపు తీసుకున్నది జాతీయ విశ్వవిద్యాలయం అవుతుందా అన్నది ఆ రోజుల్లో పెద్ద తగవు. మా బందరులో కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు ప్రభుత్వం పట్టా వద్దనుకునే పెట్టారు. 1920లో గాంధీ సహాయ నిరాకరణకు పిలుపిచ్చి కాలేజీలు వదిలి రమ్మన్నప్పుడు కాశీకి కూడా వచ్చారు. మాలవీయ ఆయన్ని గౌరవంగా మాట్లాడనిచ్చారు కానీ, పిల్లల్ని చదువు మానిపించడానికి ఒప్పుకోలేదు. అప్పుడే, 1921 ఫిబ్రవరిలో, అదే కాశీలో శివప్రసాద్ గుప్తా, భగవాన్‌దాస్ కాశీ విద్యాపీఠం మొదలుపెట్టారు. లాల్ బహదూర్ శాస్త్రి చదివింది అక్కడ, బీహెచ్‌యూలో కాదు. చాలామంది ఈ రెండూ కలిపేస్తుంటారు.

ఇందులో నేను మాలవీయ పక్షం. మా బందరు కళాశాల అంటే ప్రాణం పెట్టేవాణ్ణే, అక్కడి చిత్రకళ, చేతిపనుల చదువు గొప్పవే. కానీ మెటలర్జీ ల్యాబు, వైద్యశాల, లక్షల పుస్తకాల లైబ్రరీ చందాల మీద మాత్రమే నిలబడవు.

మెటలర్జీ అన్నాను కాబట్టి తెలుగువాళ్ళ జాబితా. బీహెచ్‌యూ మెటలర్జీలో పరిశోధన చేసి, అక్కడే పాఠాలు చెప్పి, తర్వాత హైదరాబాద్ డీఎమ్‌ఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల) డైరెక్టరై, ఆపైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయినవారు పల్లె రామారావు గారు. మా కృష్ణా జిల్లాలో పుట్టిన పి. రామచంద్రరావు గారు అక్కడే మెటలర్జీ చదివి, జంషెడ్‌పూర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల నడిపి, 2002లో బీహెచ్‌యూకే వైస్ ఛాన్సలర్‌గా తిరిగి వెళ్ళారు. ఆయనకు ముందు 1998 నుంచి ఆ కుర్చీలో ఉన్నది వై.సి. సింహాద్రి గారు. అంటే వరసగా ఇద్దరూ తెలుగువాళ్ళే. విద్యార్థుల్లో తరిమెల నాగిరెడ్డి, చండ్ర రాజేశ్వరరావు ఆ క్యాంపస్‌లో తిరిగినవాళ్ళే. సంప్రదాయ పండితుల పక్కనే కమ్యూనిస్టులు తయారైన చోటు అది.

అందరికన్నా పెద్ద పేరు రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్. ఆరోగ్యం పాడైన మాలవీయ తన తర్వాత ఈయనే రావాలని పట్టుబట్టారు. 1939 నుంచి 1948 దాకా ఆ భారం మోశారు. ఆదివారాలు గీత మీద ఆయన ఉపన్యాసాలు వినడానికి హాలు నిండిపోయేదంటారు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియాలో పిల్లలు దూకారు, ప్రభుత్వం క్యాంపస్‌ను స్వాధీనం చేసుకుంది, యూనివర్సిటీ మూతపడింది. ఢిల్లీ వెళ్ళి మాట్లాడి మళ్ళీ తెరిపించుకున్నది ఆయనే.

#11 నాంపల్లి నవాబ్

సలాం భాయ్ లోగ్. నిజాం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1916లో బీహెచ్‌యూ, 1918లో మా ఉస్మానియా. రెండేళ్ళే తేడా. కానీ ఉస్మానియాలో డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు, అనువాదాల కోసం దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు తయారు చేయించారు. దేశభాషలో యూనివర్సిటీ అంటే అది. బీహెచ్‌యూ అంత పేరు పెట్టుకుని ఇంగ్లీషులోనే నడిచింది కదా?

#12 పాతపుస్తకం

నవాబ్ గారూ, ఈ మాట స్వయంగా గాంధీ అక్కడికెళ్ళి అన్నారు. 1916 ప్రసంగంలోనే, ఈ పవిత్ర నగరంలో పరాయి భాషలో మాట్లాడాల్సి రావడం సిగ్గుచేటన్నారు. 1942 జనవరిలో రజతోత్సవానికి రాధాకృష్ణన్ పిలిస్తే వచ్చి హిందీలో మాట్లాడారు. సింహద్వారం మీద ఇంగ్లీషు పేరు పెద్ద అక్షరాల్లో చోటంతా ఆక్రమించిందనీ, నాగరి లిపిలో పేరు చిన్నగా ఉందనీ వేదిక మీదే చెప్పారు. మాలవీయ ఎదుటే ఉన్నారు. ఆ పెద్దాయనంటే గాంధీకి ఎంత గౌరవమో అందరికీ తెలుసు, అయినా అన్నారు.

మీ ఉస్మానియా గురించి మీరు చెప్పింది నిజం, అదొక సాహసం. అయితే ఉర్దూ రాని తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు అది ఇంకో అడ్డుగోడ అయింది, ఆ రాజ్యంలో ఎక్కువమంది వాళ్ళే. మన భాషలో పైచదువు అన్న కోరిక బెజవాడలో 1926లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు మొదలైనప్పుడూ ఉంది, ఇప్పటికీ సగం కూడా తీరలేదు.

#13 నాంపల్లి నవాబ్

ఒప్పుకుంటా సాబ్. మా తాత వరంగల్ జిల్లా నుంచి వచ్చి ఉర్దూలో చదవడానికి పడ్డ కష్టం ఇంట్లో చెప్పేవాడు. అయినా ఆ పుస్తకాలు చూస్తే గర్వంగానే ఉంటది.

#14 పౌరశాస్త్రం

నాకు రెండు సందేహాలు. ఒకటి, కేంద్రానికి ఇన్ని విశ్వవిద్యాలయాలుండగా దీన్నే జాతీయం అని ప్రత్యేకంగా ఎందుకంటారు? రెండు, పేరులో హిందూ తీసేయాలని ఎప్పుడో గొడవ జరిగిందట, అదేమిటి?

#15 కృష్ణాతీరం

మొదటిదానికి జవాబు రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలో 63వ అంశం చదవండి. బెనారస్ హిందూ, అలీగఢ్ ముస్లిం, ఢిల్లీ విశ్వవిద్యాలయాలను పేరు పెట్టి రాశారు, జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థలని. వాటి పక్కనే 371-ఈ అధికరణం కింద ఏర్పడే విశ్వవిద్యాలయం అని ఇంకో ముక్క ఉంటుంది. అది మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో ఆరుసూత్రాల ఒప్పందం వచ్చింది కదా, అందులో భాగంగా రాజ్యాంగాన్ని సవరించి ఇది చేర్చారు, 1974లో గచ్చిబౌలి సంస్థ పుట్టింది. రాజ్యాంగంలో ఆ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

పేరు గొడవ 1965లో జరిగింది. చాగ్లా విద్యామంత్రిగా ఉండగా బిల్లు రాజ్యసభలో చర్చకొచ్చినప్పుడు, హిందూ తీసేసి మదన్ మోహన్ మాలవీయ కాశీ విశ్వవిద్యాలయం అని పెట్టాలన్నారు. రాజ్యసభ ఒప్పుకుంది. క్యాంపస్ భగ్గుమంది, సమ్మెలు, ఊరేగింపులు. చివరికి ఆ మార్పు వదిలేశారు, పేరు అలాగే ఉంది. నా అభిప్రాయం అడిగితే, అక్కడ ఎవరికి సీటిస్తున్నారు, ఎవరు పాఠం చెప్తున్నారు అన్నదాన్ని బట్టే ఆ సంస్థను తూచాలి.

#16 లిమ్డీ హాస్టలర్

లైబ్రరీ సంగతి ఎవరో ఎత్తుతారని చూశాను. సయాజీరావు గాయక్వాడ్ సెంట్రల్ లైబ్రరీ. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళిన మాలవీయ బ్రిటిష్ మ్యూజియం చదువుల గది చూసి, అలాంటిది కాశీలో కావాలనుకున్నారు. బరోడా మహారాజు డబ్బిచ్చారు, 1941లో పూర్తయింది. నడిమధ్యలో గుండ్రటి పెద్ద హాలు, పైన గుమ్మటం, కింద వలయాలుగా బల్లలు. మే నెలలో బయట లూ వడగాడ్పు కొడుతుంటే లోపల చల్లగా ఉంటుంది. కుర్చీ జరిపిన చప్పుడు గుమ్మటానికి తగిలి హాలంతా వినిపిస్తుంది, అందుకే కొత్తవాళ్ళు కూడా రెండోరోజుకి కుర్చీ ఎత్తి జరపడం నేర్చుకుంటారు. రంగనాథన్, అదే మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు, 1945 నుంచి 1947 దాకా అక్కడే పని చేశారు. లక్ష పుస్తకాల దాకా ఆయన ఒక్కడే వర్గీకరించారంటే నేను మొదట నమ్మలేదు, కానీ అది నిజమే.

భారత కళాభవన్ కూడా తప్పక చూడమనండి. రాయ్ కృష్ణదాస్ 1920లో మొదలుపెట్టిన సేకరణ, 1950లో క్యాంపస్‌కు వచ్చింది. కాంగ్డా, మొఘల్ చిత్రాలు చూస్తూ ఒక మధ్యాహ్నం ఇట్టే గడిచిపోతుంది.

#17 ఓరుగల్లు శ్రీను

అందరికి దండాలు. మావోనికి ఈ లింకు పంపిన. ఒక్కటే అడుగుతున్నడు. అక్కడ తెలుగోళ్ళు ఎక్కడ కలుస్తరు? పండుగకు ఇంటికి రావద్దంటే అన్నం ఎక్కడ?

#18 మాలతి (ఎంఎంవీ)

ఆర్ట్స్ ఫ్యాకల్టీలో తెలుగు శాఖ ఉంది, అక్కడికి వెళ్తే సీనియర్లందరి ఆరా దొరుకుతుంది. ఊళ్ళో పాండే హవేలీ దగ్గర ఆంధ్ర ఆశ్రమం. అక్కడ పొద్దున పూట తెలుగు భోజనం, ముందు రోజే చెప్పి పెట్టుకోవాలి. ఆ సందుల్లో రిక్షా అతనికి కూడా నాలుగు తెలుగు ముక్కలు వస్తాయి. భేలూపుర వైపు మా విజయనగరం రాజుల కోట కూడా చూసి రమ్మను.

ఉగాదికి రాలేకపోయినా ఫర్వాలేదు కానీ, మొదటి ఏడాది వసంత పంచమికి మాత్రం క్యాంపస్ వదలొద్దని చెప్పండి. సైన్స్ ఫ్యాకల్టీ ఝాంకీకి పని చేసే చేతులు ఎప్పుడూ చాలవు. వారం ముందే వెళ్ళి పేరిస్తే చాలు, జిగురు డబ్బా చేతిలో పెడతారు.